ఇరవై రెండు కిక్కులు, ఒక నాణెం

ఈ వారం ఎస్సే ప్రాక్టీస్ కోసం తీసుకున్న అంశం ఇది: "నియమం మనకు అడ్డొచ్చినప్పుడు ప్రశ్నించడం తేలిక. నియమం తప్పడం మనకు లాభించినప్పుడు ప్రశ్నించడమే కష్టం." ఇది ఏ పాత ప్రశ్నపత్రంలోదీ కాదు, నేనే తయారు చేసుకున్నాను. ఇలాంటి అంశానికి మనం మామూలుగా గాంధీజీతో మొదలుపెట్టి రాజ్యాంగ పీఠికతో ముగిస్తాం. నేనూ మూడుసార్లు అలాగే మొదలుపెట్టి కొట్టేశాను. నాలుగోసారి ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌తో మొదలుపెట్టాను. ఈ మాట నాకు నిజంగా అర్థమైంది అక్కడే కాబట్టి.

ఢాకాలో ఆ రాత్రి

2024 ఫిబ్రవరి 8. దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే శాఫ్, నిర్వహించే అండర్-19 మహిళల ఛాంపియన్‌షిప్ ఫైనల్. వేదిక ఢాకా. ఆడినవి నాలుగే జట్లు: భారత్, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్. మన అమ్మాయిలు భూటాన్‌ను 10-0తో, నేపాల్‌ను 4-0తో ఓడించారు. లీగ్ దశలో బంగ్లాదేశ్ చేతిలో మాత్రం 0-1తో ఓడారు. ఫైనల్లో మళ్లీ అదే బంగ్లాదేశ్, అదీ వాళ్ల సొంత గడ్డ మీద.

అప్పుడు నేను హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. నాకు ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు. కరెంట్ అఫైర్స్ కోసం కప్పుల పేర్లు, విజేతల పేర్లు గుర్తుపెట్టుకోవడం వరకే. నా రూమ్మేట్ అలా కాదు. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, గురుకులంలో చదివేటప్పుడు ఫుట్‌బాల్ ఆడింది. తన జిల్లా నుంచే వెళ్లి భారత సీనియర్ జట్టుకు ఆడుతున్న గుగులోత్ సౌమ్య పేరు రోజుకు ఒకసారైనా తీసుకొచ్చేది. ఆ రాత్రి ఇద్దరం పాలిటీ పుస్తకం మూసేసి ఫోన్‌లో స్కోరు చూస్తూ కూర్చున్నాం.

8వ నిమిషంలోనే సిబానీ దేవి గోల్ కొట్టింది. భారత్ 1-0. ఆ ఆధిక్యం దాదాపు చివరిదాకా నిలిచింది. ఇక కప్పు మనదే అనుకుంటున్నప్పుడు, ఇంజరీ టైమ్‌లో బంగ్లాదేశ్ అమ్మాయి సాగరిక గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. లీగ్ మ్యాచ్‌లో మనల్ని ఓడించిన గోల్ కూడా ఈ అమ్మాయిదే.

తర్వాత పెనాల్టీ షూటౌట్. ముందు ఐదేసి కిక్కులు. అందరూ కొట్టారు. ఆరు, ఏడు, ఎనిమిది... ఎవరూ తప్పడం లేదు. చివరికి గోల్‌కీపర్లు కూడా వచ్చి కొట్టారు. అవీ గోల్సే. 11-11. ఇరవై రెండు కిక్కులు, ఇరవై రెండు గోల్స్. పంతొమ్మిదేళ్లలోపు పిల్లలు, ఇంటి జట్టు కోసం అరుస్తున్న జనం మధ్య, ఒక్కరంటే ఒక్కరు తడబడలేదు.

అప్పుడు జరిగిందండీ అసలు సంగతి. షూటౌట్ కొనసాగించాల్సింది పోయి, మ్యాచ్ కమిషనర్ టాస్ వేయించారు. నాణెం భారత్ వైపు పడింది. మన అమ్మాయిలు గంతులు వేశారు. బంగ్లాదేశ్ జట్టు ఒప్పుకోలేదు, మైదానం వదలలేదు. గ్యాలరీ నుంచి సీసాలు పడ్డాయి. కాసేపటికి కమిషనర్ తన నిర్ణయం తప్పని ఒప్పుకుని, షూటౌట్ మళ్లీ మొదలుపెడతాం రండి అన్నారు. అప్పటికే విజేతలుగా ప్రకటించిన భారత జట్టు తిరిగి రాలేదు. చాలాసేపు చర్చలు జరిగాక ఇద్దరినీ సంయుక్త విజేతలుగా ప్రకటించారు.

మా గదిలో గొడవ

టాస్ గెలిచామన్న వార్త చూడగానే నేను చప్పట్లు కొట్టాను. రూమ్మేట్ కొట్టలేదు.

"అక్కా, ఇదేంటి? టాస్ ఎక్కడుంది? మళ్లీ మొదటి నుంచి కొట్టించాలి కదా" అంది.

"అధికారి చెప్పాక అయిపోయినట్టే. గెలిచాం కదా, వదిలెయ్" అన్నాను.

"అదే టాస్ వాళ్లకు పడి ఉంటే నువ్వు ఇలాగే వదిలేసేదానివా?"

నాకు కోపం వచ్చింది. నువ్వు ఏ దేశం దానివి అని కూడా అన్నాను. ఆ మాట అని ఉండకూడదు. ఆమె ఏమీ అనకుండా దుప్పటి కప్పుకుని పడుకుంది. జీఎస్-4 పేపర్‌కు నోట్స్ రాసుకుంటున్న మనిషిని నేను. నోట్స్‌లో మొదటి పేజీలోనే "నిష్పాక్షికత" అన్న మాటకు నిర్వచనం రాసుకుని ఉన్నాను.

నియమం ఏం చెబుతుంది?

మర్నాడు లైబ్రరీలో కూర్చుని ఆట నియమాలు చదివాను. ఫుట్‌బాల్ నియమాల్లో పదోది మ్యాచ్ ఫలితం గురించి చెబుతుంది. ఐదేసి కిక్కుల తర్వాత సమానంగా ఉంటే, ఇరు జట్లూ సమాన సంఖ్యలో కిక్కులు కొట్టాక ఒకరు ఒక గోల్ ఎక్కువ చేసేదాకా ఒక్కొక్కటిగా కొనసాగించాలి. అర్హులైన ఆటగాళ్లందరి వంతూ అయిపోతే మళ్లీ మొదటి నుంచి. షూటౌట్‌లో టాస్ ఉంటుంది, కానీ ఏ గోల్‌పోస్టు వైపు కొట్టాలి, ఎవరు ముందు కొట్టాలి అన్నవి తేల్చడానికే. విజేతను తేల్చడానికి కాదు. మా రూమ్మేట్ చెప్పిందే నిజం.

ఒకప్పుడు నాణెంతో విజేతను తేల్చిన మాట కూడా వాస్తవమే. 1968 యూరోపియన్ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ నేపుల్స్‌లో జరిగింది. ఇటలీ, సోవియట్ యూనియన్ అదనపు సమయం తర్వాత కూడా 0-0. టాస్ వేశారు. ఇటలీ గెలిచి ఫైనల్‌కు వెళ్లి కప్పు కూడా కొట్టింది. ఆట ఆడినవాళ్ల చేతిలో లేని దానితో ఫలితం తేలడం సరికాదన్న ఆలోచన బలపడి, 1970లో ఆట నియమాలు రూపొందించే అంతర్జాతీయ బోర్డు పెనాల్టీ కిక్కుల పద్ధతిని ఆమోదించింది. అంటే షూటౌట్ పుట్టిందే నాణేన్ని తప్పించడానికి. యాభై నాలుగేళ్ల తర్వాత ఢాకాలో ఆ నాణెం మళ్లీ జేబులోంచి బయటికి వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. "అదృష్టంతో తేల్చడం అన్యాయం" అని ఎస్సేలో గబుక్కున రాసేయకండి. మన చట్టంలోనే ఆ పద్ధతి ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని సెక్షన్ 65 ప్రకారం ఇద్దరు అభ్యర్థులకు సమానంగా ఓట్లు వస్తే రిటర్నింగ్ అధికారి లాటరీ తీస్తారు. స్థానిక ఎన్నికల్లోనూ ఇదే తీరు. 2017 ముంబై మహానగరపాలక ఎన్నికల్లో 220వ వార్డు ఇలాగే లాటరీతో తేలింది. ఓడినవారికి బాధ ఉంటుంది గానీ, మోసపోయామని అనలేరు. ఎందుకంటే సమానంగా వస్తే ఏం జరుగుతుందో నామినేషన్ వేసేనాటికే రాసి ఉంది.

2019 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ ఇంకో ఉదాహరణ. సూపర్ ఓవర్ కూడా సమమైతే బౌండరీల లెక్కతో ఇంగ్లండ్ గెలిచింది. ఆ నియమం బాగోలేదని ప్రపంచమంతా అంది. అదే ఏడాది ఐసీసీ దాన్ని మార్చింది కూడా. కానీ న్యూజిలాండ్ ఆ ఫలితాన్ని ఒప్పుకుంది. నియమం చెడ్డదే అయినా ముందే ఉంది కాబట్టి.

రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడండి. లార్డ్స్‌లో నియమం బాగోలేదు, కానీ దాన్ని పాటించారు. ఢాకాలో నియమం బాగుంది, కానీ దాన్ని పక్కనపెట్టారు. మొదటిదానికి మందు సంస్కరణ. రెండోదానికి మందు, తప్పును అక్కడికక్కడే ఒప్పుకుని దిద్దుకోవడం. ఈ తేడా పాలనలోనూ ఉంది. చెడ్డ చట్టం వేరు, చట్టాన్ని తుంగలో తొక్కడం వేరు.

నాకు గుర్తొచ్చిన పరీక్ష హాలు

ఇక్కడిదాకా రాస్తే మంచి ఎస్సే అయిపోతుంది. కానీ ఆ రాత్రి నాకు అంత కోపం ఎందుకొచ్చిందో చెప్పకపోతే నిజాయితీగా ఉండదు.

అంతకు కొన్నేళ్ల ముందు ఒక ఉద్యోగ పరీక్ష రాశాను. ఏ పరీక్ష, ఏ ఊరు అన్నది ఇక్కడ అక్కర్లేదు. హాల్లో నా పక్క వరుసలో ఒక అమ్మాయి. ప్రశ్నపత్రం మీద జవాబులన్నీ గుర్తు పెట్టుకుని, ఓఎంఆర్‌లో చివర్లో ఒకేసారి బబుల్స్ నింపే అలవాటు ఆమెది. మనలో చాలామందికి ఆ అలవాటు ఉంది. నేను అప్పటికే నింపేసి కూర్చున్నాను.

బెల్ కొట్టారు. ఎదురుగా గోడ గడియారం ఇంకా పది నిమిషాలు ఉందని చూపిస్తోంది. ఇన్విజిలేటర్ షీట్లు తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి లేచి, "సార్, ఇంకా టైముంది సార్" అంది. ఆయన "బెల్ అయింది కదమ్మా" అన్నారు. ఆమె నా వైపు తిరిగి, "అక్కా, మీరైనా చెప్పండి, పది నిమిషాలు ఉంది కదా" అంది.

నేను గడియారం చూశాను. పది నిమిషాలు ఉన్న మాట నిజమే. నేను ఏమీ మాట్లాడలేదు. తల దించుకుని హాల్‌టికెట్ మడత పెట్టుకున్నాను.

ఎందుకు మాట్లాడలేదు? భయం కాదు. నాకు కాగితం పని అయిపోయింది. ఆమె వదిలేసిన ప్రతి బబుల్ నాకు లాభం. ఈ లెక్క అప్పుడు మాటల్లో అనుకోలేదు, కానీ నోరు మూసుకుపోయింది ఆ లెక్కతోనే. కాసేపటికి కారిడార్‌లో కలకలం రేగింది. బెల్ పొరపాటున ముందు కొట్టారని తేలింది. లోపల ఉన్నవాళ్లకు షీట్లు తిరిగి ఇచ్చి పది నిమిషాలు ఇచ్చారు. ఆ అమ్మాయి అప్పటికే ఏడుస్తూ మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ పిలిచినప్పుడు ఆమె గేటు దగ్గర ఉందో, బస్టాండ్‌లో ఉందో తెలియదు. ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఆమెకు వచ్చిందో లేదో తెలియదు.

తప్పు చేసింది బెల్ కొట్టినవాళ్లే. దాన్ని దిద్దాలన్న ఉద్దేశం కూడా వాళ్లకు ఉంది. కానీ ఆ తప్పును మొదటి నిమిషంలోనే ఆపగలిగినవాళ్లలో నేనూ ఒకదాన్ని. లాభపడే మనిషి నోరు తెరిచి చెబితే ఆ మాటకు ఎంత బరువు ఉంటుందో ఆలోచించండి. నష్టపోయేవాళ్లు అరిస్తే "వీళ్ల గోల వీళ్లది" అంటారు. అదే మాట నేను అని ఉంటే ఇన్విజిలేటర్ కనీసం ఒకసారి గడియారం వైపు చూసేవారు. ఢాకా టాస్ గురించి రూమ్మేట్ అడిగిన ప్రశ్న నన్ను గుచ్చింది ఇందుకే.

మరి ఆ అమ్మాయిలు ఏం చేయాలి?

దీన్ని జీఎస్-4 కేస్ స్టడీలాగా చూద్దాం. మీరు భారత జట్టు మేనేజర్. టాస్ గెలిచారు. తర్వాత కమిషనర్ తప్పు ఒప్పుకుని మళ్లీ రమ్మంటున్నారు. ఏం చేస్తారు?

ముందుగా, నేను హాల్లో చేసినదాన్నీ ఆ పిల్లలు చేసినదాన్నీ ఒకే గాటన కట్టడం లేదు. అధికారిక హోదాలో ఉన్న మనిషి మీరే విజేతలని చెప్పారు. వాళ్లు సంబరపడ్డారు. అందులో తప్పేం లేదు. పైగా స్టేడియంలో సీసాలు పడుతున్నాయి. పరాయి దేశంలో ఉన్న టీనేజీ అమ్మాయిల భద్రత మేనేజర్ మొదటి బాధ్యత. ఒకసారి ముగిసిందనుకున్న షూటౌట్‌కు మళ్లీ మనసును సిద్ధం చేసుకోవడం కూడా చిన్న విషయం కాదు. వాళ్లు తిరిగి రాకపోవడానికి కారణాలున్నాయి.

బంగ్లాదేశ్ అమ్మాయిల వైపు నుంచి కూడా చూడాలి. పదకొండు మందీ వచ్చి పదకొండు గోల్స్ కొట్టారు. ఒక్క తప్పూ చేయకుండా, ఒక నాణెం వల్ల ఓడిపోయారని విన్నారు. వాళ్లు మైదానంలోనే నిలబడి అడిగింది కప్పు కాదు, మళ్లీ బంతిని తన్నే అవకాశం.

ఎంపికలు నాలుగు. టాస్ ఫలితమే ఖాయం అనడం: నియమ విరుద్ధం. షూటౌట్ కొనసాగించడం: నియమం చెప్పింది ఇదే, వెంటనే చేసి ఉంటే అన్నిటికన్నా మంచిది, కానీ ఆలస్యమయ్యేకొద్దీ కష్టం. మరో రోజు మళ్లీ ఆడించడం: ఖర్చు, ప్రయాణం, భద్రత. కప్పు పంచుకోవడం: ఎవరికీ పూర్తి తృప్తి లేదు, కానీ ఎవరికీ పూర్తి అన్యాయమూ లేదు. ఆ రాత్రికి చివరిదే మిగిలింది. నా జవాబు ఇలా ఉంటుంది: మేనేజర్‌గా టాస్ వేయబోతున్న క్షణంలోనే, నాణెం ఎటు పడుతుందో తెలియకముందే, "ఇది నియమంలో లేదు, షూటౌట్ కొనసాగించండి" అనాలి. నాణెం పడ్డాక ఆ మాట అనాలంటే ఎంతో ధైర్యం కావాలి. పడకముందు అనడానికి నియమం తెలిసి ఉంటే చాలు. మేనేజర్‌కైనా అధికారికైనా నియమపుస్తకం ముందే చదివి ఉండటం అందుకే అవసరం.

ఆట మొదలయ్యాక నియమం మార్చడం

ఇది మన బతుకులకు ఎంత దగ్గరిదో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా జడ్జి పోస్టుల ఎంపికలో రాతపరీక్ష, ఇంటర్వ్యూ అయిపోయాక ఇంటర్వ్యూకు కనీస మార్కుల నిబంధన తెచ్చారు. కె. మంజుశ్రీ కేసులో 2008లో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. ఆట అయిపోయాక ఆట నియమాలు మార్చడమే అవుతుందని తేల్చింది. తర్వాత రాజస్థాన్ హైకోర్టులో అనువాదకుల నియామకానికి సంబంధించిన తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా వెళ్లింది. 2024 నవంబర్ 7న ఆ ధర్మాసనం, నిబంధనలు గానీ నోటిఫికేషన్ గానీ అనుమతిస్తే తప్ప, నియామక ప్రక్రియ మొదలయ్యాక అర్హత ప్రమాణాలు మధ్యలో మార్చకూడదని చెప్పింది. అనుమతి ఉన్నా ఆ మార్పు 14వ అధికరణం కోరే సమానత్వ పరీక్షకు, ఏకపక్షంగా ఉండకూడదన్న పరీక్షకు నిలవాలి. మంజుశ్రీ తీర్పు సరైనదేనని కూడా ధర్మాసనం నిర్ధారించింది.

కోర్టులు సైతం "ఆట", "నియమాలు" అన్న పోలికనే వాడటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. నోటిఫికేషన్ చూసి ఇల్లు వదిలి వచ్చి, ఏళ్లు ఖర్చుపెట్టే మనలాంటివాళ్లకు మధ్యలో నియమం మారితే ఎలా ఉంటుందో తెలుసు. అయితే ఆ మార్పు వల్ల మన పేరు జాబితాలోకి వస్తే? అప్పుడు కూడా ధర్నాకు వెళ్తామా? నేను ఈ ప్రశ్నకు ఇప్పటికీ గట్టిగా "అవును" అనలేను. అందుకే ఈ అంశం ఎంచుకున్నాను.

తర్వాత ఏమైంది?

2025 ఆగస్టులో మన అండర్-20 అమ్మాయిలు యాంగోన్‌లో ఆసియా కప్ అర్హత పోటీలు ఆడారు. ఇండోనేషియాతో 0-0, తుర్క్‌మెనిస్థాన్‌పై 7-0, ఆతిథ్య మయన్మార్‌పై 1-0. ఇరవై ఏళ్ల తర్వాత ఆసియా కప్‌కు అర్హత సాధించారు. నాణెం అవసరం పడలేదు. అదే అర్హత పోటీల్లో బంగ్లాదేశ్ అండర్-20 జట్టు కూడా మొదటిసారి ఆసియా కప్‌కు అర్హత సాధించింది. ఢాకాలో ఒక కప్పు కోసం ఎవరు గెలిచారో తేలక ఆగిపోయిన రెండు దేశాలూ 2026లో ఒకే పెద్ద టోర్నీకి చేరుకున్నాయి. ఈ వార్త మొదట నాకు పంపింది మా రూమ్మేటే. ఆమె ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటోంది. ఆ రాత్రి నేనన్న మాటకు అప్పుడే క్షమాపణ చెప్పాను. పరీక్ష హాల్లో అమ్మాయికి మాత్రం చెప్పే వీలు లేదు.

ఈ వారం మీ ప్రాక్టీస్‌కు రెండు ప్రశ్నలు. ఒకటి: ఢాకా ఫైనల్‌లో మ్యాచ్ కమిషనర్ స్థానంలో మీరుంటే, టాస్ వేశాక తప్పు తెలిసిన క్షణంలో ఏం చేస్తారు? 250 పదాల్లో రాయండి. రెండోది రాయక్కర్లేదు, ఎవరికీ చూపించక్కర్లేదు: నియమం తప్పడం వల్ల మీరు లాభపడి, ఊరుకున్న సందర్భం ఏదైనా ఉందా? మొదటి ప్రశ్నకు జవాబు రాసే ముందు ఒక ఐదు నిమిషాలు రెండోదాని గురించి ఆలోచించండి.